నార్సిసస్ నిజంగా తనను తాను ప్రేమించుకున్నాడా? గ్రీకు పురాణకథల్లో మనసును చదవడం గురించి

సెలయేరు:
అందరికీ నమస్కారమండీ. గ్రీకు పురాణకథలు, వాటిలోని మనస్తత్వం మీద ఆరు వారాల పఠన కార్యక్రమం తయారుచేస్తున్నాం. మొదటి వారం నార్సిసస్. ఆ తర్వాత ఈడిపస్, సైకీ, పండోరా అనుకున్నాం. నార్సిసస్ గురించి ఎక్కడ వెతికినా ఒకటే ముక్క దొరుకుతోంది: అందగాడు, గర్విష్టి, నీళ్లలో తన నీడ చూసుకుని మోజుపడి చచ్చాడు, అందుకే తన గురించి తప్ప ఇంకెవరి గురించీ ఆలోచించని మనిషిని నార్సిసిస్టు అంటారు. ఇంతే అయితే పది నిమిషాల్లో అయిపోతుంది. రెండు గంటలు కూర్చుని మాట్లాడుకునేంత లోతు ఇందులో ఉందా? ఉంటే ఎక్కడ పట్టుకోవాలి?

పాతపుట:
చాలా ఉందండీ. కాకపోతే ఆ ముక్కలోనే ఒక పెద్ద పొరపాటు దాగి ఉంది. మనకు బాగా తెలిసిన కథ ఓవిడ్ అనే రోమన్ కవిది. క్రీ.శ. 8 ప్రాంతంలో ముగించిన మెటమార్ఫోసెస్ అనే 15 భాగాల లాటిన్ కావ్యంలో, మూడో భాగం 339 నుంచి 510 దాకా ఉన్న పాదాలు. అక్కడ నార్సిసస్ తన మీద తాను మోజుపడలేదు. నీళ్లలో ఉన్నది ఇంకెవరో అనుకున్నాడు. ఆ తేడా పట్టుకోకపోతే మిగతాదంతా జారిపోతుంది.

కథ వరస చెబుతాను. తల్లి లిరియోపీ అనే జలకన్య, తండ్రి సెఫిసస్ అనే నది. బిడ్డ ముసలితనం దాకా బతుకుతాడా అని తల్లి అడిగితే, గుడ్డి జ్యోతిష్కుడు టైరీసియస్ "తనను తాను తెలుసుకోనంత వరకు" అన్నాడు. డెల్ఫీలో అపోలో గుడి మీద చెక్కిన మాట "నిన్ను నువ్వు తెలుసుకో". గ్రీకులు జ్ఞానానికి మొదటి మెట్టు అనుకున్న దాన్ని ఇక్కడ చావుకు కారణంగా తిప్పేశాడు కవి. మీ చర్చ ఈ ఒక్క మాట దగ్గర మొదలుపెట్టినా చాలు.

పదహారేళ్లు వచ్చాయి. అమ్మాయిలూ అబ్బాయిలూ వెంటపడ్డారు, ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. తిరస్కారం పొందిన వాళ్లలో ఒకడు చేతులెత్తి "వీడు కూడా ఇలాగే ప్రేమించాలి, ఇలాగే దక్కకుండా పోవాలి" అని మొక్కితే, చేసినదానికి ఫలితం చెల్లించే దేవత నెమెసిస్ విన్నది. శాపంలో తనను తాను ప్రేమించుకోవాలని లేదు, గమనించండి. కోరుకున్నది దక్కకూడదు, అంతే ఉంది.

తర్వాత ఆ మడుగు. గొర్రెల కాపరులు రాని చోటు, మేకలు నోరు పెట్టని నీళ్లు, పిట్ట గానీ ఎండిన కొమ్మ గానీ పడి చెదరగొట్టని నీళ్లు. అంటే ఇంతవరకు ఇంకొకరి స్పర్శ తగలని మడుగు. ఆ కుర్రాడి బతుకు ఎలా ఉందో అచ్చం అలాంటి చోటే వాడికి ఎదురుపడింది. దాహం వేసి వంగాడు. ఆ దాహం తీర్చుకుంటుంటే ఇంకో దాహం పుట్టింది అంటాడు కవి.

గవ్వలమాల:
నార్సిసస్‌ను ప్రేమించిన వనకన్య ఎకోను వదిలేశారు. మొదటి వారంలో సగం టైమ్ ఆమెకు ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం. నార్సిసస్ కథకు ఆమెను కలిపి చెప్పిన పాఠాల్లో మన దాకా వచ్చిన పాతది ఓవిడ్‌దే. ఊరికే కలపలేదు. ఒకడికి బయటి మనిషి కనపడడు, ఒకామెకు సొంత మాట లేదు.

జూనో దేవిని కబుర్లలో పెట్టి, ఆమె భర్త జూపిటర్‌తో ఉన్న తోటి వనకన్యలు తప్పించుకునేలా చేసేది ఎకో. ఆ నాలుకకే శిక్ష పడింది: తానుగా మాట మొదలుపెట్టలేదు, ఎదుటివాళ్లు అన్న దాంట్లో చివరి ముక్క మాత్రం తిరిగి అనగలదు. అయితే ఆ చివరి ముక్కతోనే తన మనసులో మాట చెప్పేసుకుంటుంది. లాటిన్‌లో ఆ సంభాషణ మహా సొగసుగా ఉంటుంది. తెలుగులో చదివించాలంటే చిక్కు ఒకటుంది. మన భాషలో కాదనే మాట వాక్యం చివర వస్తుంది. "నేను నీకు దక్కను" అని రాస్తే ఎకో కూడా "దక్కను" అనే అనాలి, కథ చచ్చిపోతుంది. అందుకని కాదనడాన్ని వాక్యం ముందుకు జరపాలి. ఇలా చూడండి:

నార్సిసస్: ఇక్కడ ఎవరైనా ఉన్నారా?
ఎకో: ఉన్నా, రా!
నార్సిసస్: ఎక్కడో ఎందుకు, ఇక్కడే కలుద్దాం.
ఎకో: కలుద్దాం.
(చెట్ల చాటునుంచి వచ్చి మెడ చుట్టూ చేతులు వేయబోతుంది.)
నార్సిసస్: ప్రాణం పోయాకే నీకు నా మీద హక్కు!
ఎకో: నీకు నా మీద హక్కు.

ఇద్దరితో గట్టిగా చదివించండి. చివరి మాట దగ్గర గదిలో ఎవరూ మాట్లాడరు. తన మీద హక్కు పూర్తిగా ఎదుటివాడికి రాసిచ్చేసింది, అదీ వాడు కాదన్న మాటతోనే. తర్వాత అడవుల్లో, గుహల్లో దాక్కుని చిక్కిపోయింది. ఎముకలు రాళ్లయ్యాయి, గొంతు మిగిలింది. ఎదుటివాళ్ల అభిప్రాయమే తన అభిప్రాయంగా, ఎదుటివాళ్ల కోపమే తన తప్పుగా బతికేవాళ్లను గుర్తుచేసుకోవడానికి ఇంతకంటే ఖచ్చితమైన బొమ్మ నాకు ఏ పురాణంలోనూ కనపడలేదు.

మునిమాపు:
గవ్వలమాల గారి "ఉన్నా, రా" చాలా బాగుంది. నేను మనస్తత్వశాస్త్రం వైపు నుంచి చెబుతాను.

ముందు నార్సిసిజం అనే పదం చరిత్ర. 1898లో హేవ్‌లాక్ ఎల్లిస్ ఒక లైంగిక ధోరణి గురించి రాస్తూ నార్సిసస్ పేరు వాడాడు. 1899లో పాల్ నేకే దాన్ని జర్మన్‌లో ఒక పదంగా చేశాడు. 1914లో మనోవిశ్లేషణ మొదలుపెట్టిన ఫ్రాయిడ్ వ్యాసంతో అది సిద్ధాంతమైంది: ప్రేమించే శక్తి బయటి మనుషుల మీదికి పోకుండా వెనక్కి మళ్లి తన మీదే నిలవడం. పసితనంలో అది అందరిలోనూ ఉండేదే అన్నాడు ఆయన. తెలుగులో మనం ఆత్మరతి అంటున్నది దీన్నే. అమెరికా మానసిక వైద్యుల సంఘం రుగ్మతల జాబితాలోకి వ్యక్తిత్వ లోపంగా ఎక్కింది 1980లో. 2013 నాటి ఐదో కూర్పులో తొమ్మిది లక్షణాలు ఇచ్చి, కనీసం ఐదు ఉండాలన్నారు, అవి యౌవనం మొదట్లోనే మొదలై రకరకాల సందర్భాల్లో కనపడాలన్నారు. కాబట్టి కార్యక్రమంలో ఎవరైనా "మా బావ పక్కా నార్సిసస్" అని మొదలుపెడితే అక్కడే ఆపండి. కథతో రోగ నిర్ధారణ చేయకూడదు.

ఇంకో సంగతి. ఆ తొమ్మిది లక్షణాల్లో ఇతరుల మెప్పు కోసం తహతహ ఒకటి. ఓవిడ్ నార్సిసస్‌కు అది లేనే లేదు. మెచ్చుకునేవాళ్లు గుంపులుగా వస్తుంటే పారిపోయాడు. రోగానికి పేరైతే పెట్టారు గానీ, ఆ పేరుగలవాడికి ఆ రోగం పూర్తిగా అతకదు.

కథకు బాగా అతికేది నా దృష్టిలో ఇంగ్లీషు మనోవిశ్లేషకుడు విన్నికాట్ 1967లో రాసిన మాట. పసిబిడ్డకు మొదటి అద్దం తల్లి ముఖం. బిడ్డ చూస్తే తల్లి ముఖంలో తన ఆనందం, తన భయం తిరిగి కనపడాలి. అక్కడ ఏమీ కనపడకపోతే బిడ్డ చూడటం నేర్చుకుంటుంది గానీ తనను తాను పోల్చుకోలేదు. కోహుట్ అనే మనోవిశ్లేషకుడు కూడా 1971 పుస్తకంలో ఇలాంటి ప్రతిస్పందన అందకపోవడాన్నే ఆత్మరతికి మూలంగా పట్టుకున్నాడు. మడుగు చేసేది సరిగ్గా దీనికి ఉల్టా. నవ్వితే నవ్వుతుంది, ఏడిస్తే ఏడుస్తుంది, కానీ జవాబు చెప్పదు.

సెలయేరు:
ఇప్పటికే బోలెడు దొరికింది, ధన్యవాదాలండీ. ఒక్క అనుమానం. వేరే మనిషి అనుకున్నాడు సరే, తనే అని చివరికి తెలిసిందా, తెలియకుండానే పోయాడా?

పాతపుట:
తెలిసింది. 463వ పాదం. "వాడు నేనే! నాకు అర్థమైంది, నా బొమ్మ నన్ను ఇక మోసం చేయలేదు" అంటాడు.

ఎలా తెలిసిందో చూడండి, కవి పనితనం అంతా అక్కడే ఉంది. ముందు వాపోతాడు: మా మధ్య సముద్రం లేదు, కొండలు లేవు, మూసిన కోట తలుపులు లేవు, పల్చటి నీటి పొర ఒక్కటే అడ్డం. నేను చెయ్యి చాపితే వాడూ చాపుతున్నాడు, నవ్వితే నవ్వుతున్నాడు, కన్నీళ్లు పెడితే పెడుతున్నాడు. ఇక ఆఖరు ఆనవాలు: పెదాలు కదులుతున్నాయి, మాట మాత్రం నా చెవిదాకా రావడం లేదు. ఆ మరుక్షణమే "వాడు నేనే".

చూపు మోసం చేసింది, చెవి నిజం చెప్పింది. ఎకో దగ్గర రూపం కనపడకుండా గొంతు వినిపించింది, ఇక్కడ రూపం కనిపించి గొంతు లేదు. ఆ రెండూ ఒకే మనిషిలో దొరికి ఉంటే బతికేవాడేమో. ఇది కవి చెప్పలేదు, నేను అంటున్నాను.

మునిమాపు:
తెలిశాక కూడా బయటపడలేదు, అది మర్చిపోవద్దు. "నా ఒంటి నుంచి నేను విడిపోగలిగితే బాగుండు" అంటాడు. కన్నీళ్లు నీళ్లలో పడి బొమ్మ చెదిరితే, వెళ్లిపోకు అని అరుస్తాడు. అది తన బొమ్మే అని తెలిసి కూడా! మంటకు మైనం కరిగినట్టు, పొద్దుటి ఎండకు మంచు కరిగినట్టు కరిగిపోయాడు.

సమస్య ఏమిటో అర్థమైతే చాలు నయమైపోతుందని చాలామంది నమ్మకం. కౌన్సెలింగ్‌లో తరచూ తేలిపోయేది ఆ నమ్మకమే. మనిషి తన అలవాటును పూసగుచ్చినట్టు వివరించగలడు, మరుసటి రోజు మళ్లీ అదే చేస్తాడు. అర్థమవడం ఒక పని, ఆ స్థానంలో ఇంకొక బంధం కట్టుకోవడం ఇంకో పని. మడుగు దగ్గర రెండోదానికి మనిషే లేడు.

తాళపత్రం:
సెలయేరు గారు ఎక్కడ పట్టుకోవాలని అడిగారు. మిగతా కథలకు కూడా పనికొచ్చే పద్ధతి ఒకటి చెబుతాను.

ఒక వారానికి ఒకే పాఠం తీసుకోండి. నార్సిసస్‌కే కనీసం మూడున్నాయి, కలిపి వండితే రుచి పోతుంది. ఎంచుకున్న పాఠాన్ని పన్నెండు పదిహేను చిన్న వాక్యాలుగా రాయించండి, ఎవరు ఏం చేశారో మాత్రమే ఉండాలి. విశేషణాలు వద్దు. "గర్విష్టి నార్సిసస్" అని రాశారంటే తీర్పు ముందే ఇచ్చేశారన్నమాట. తర్వాత, కథ నడవడానికి అక్కర్లేకపోయినా కవి పనిగట్టుకుని పెట్టిన వివరం ఒకటి వెతకండి. కదిలే పెదాలు అలాంటివే. అప్పుడు గానీ ఫ్రాయిడో, యుంగ్ అనే మనస్తత్వవేత్తో, ఇంకొకరో రాకూడదు. వాళ్ల మాట ప్రతి వాక్యం మీదా పెట్టి చూడండి. పదిహేనులో పది వాక్యాలు మిగిలిపోతే ఆ సిద్ధాంతం ఈ కథకు సరిపోలేదు, సిగ్గుపడకుండా పక్కన పెట్టేయండి.

ఈడిపస్ దగ్గర ఎక్కువమంది బోల్తా పడేది ఇందుకే. తండ్రిని చంపాడు, తల్లిని పెళ్లాడాడు అనే రెండు వాక్యాలు పట్టుకుంటారు. క్రీ.పూ. 429 ప్రాంతంలో ఆడిన సోఫోక్లీస్ నాటకంలో ఆ రెండూ తెర లేచేసరికే జరిగిపోయాయి. రంగం మీద జరిగేదంతా విచారణ. థీబ్స్‌లో తెగులు, హంతకుడెవరన్న ప్రశ్న, ఒక్కో సాక్షీ రావడం, చివరికి పసికందును కొండ మీదికి మోసుకెళ్లిన ముసలి కాపరి. ఇక తండ్రి లాయస్ చేసింది ఎవరూ మాట్లాడరు. మూడు రోజుల బిడ్డ చీలమండలు కట్టేయించి కొండ మీద పారేయించాడు. ఈడిపస్ అనే పేరుకే వాచిన పాదాలవాడని అర్థం. కొడుక్కి తండ్రి మీద పగ అంటున్నాం, ముందు చెయ్యి చేసుకున్నది ఎవరు?

ఫ్రెంచి పండితుడు వెర్నాన్ 1967లో ఇంకో అభ్యంతరం చెప్పాడు. ఈడిపస్ పెరిగింది కోరింత్‌లో, పాలిబస్, మెరోపీల దగ్గర. వాడి మనసులో అమ్మంటే మెరోపీ. కన్నతల్లి జొకాస్టా అతనికి పరాయి ఊరి రాణి. కొడుక్కి తల్లి మీద కోరిక, తండ్రి మీద పగ ఉంటాయని ఫ్రాయిడ్ చెప్పిన ఈడిపస్ కాంప్లెక్స్ అంటూ ఉంటే, అది మెరోపీ మీద ఉండాలి.

మునిమాపు:
తాళపత్రం గారూ, ఫ్రాయిడ్‌ను మరీ తక్కువ చేస్తున్నారు. 1897 అక్టోబరు 15న మిత్రుడు ఫ్లీస్‌కు రాసిన ఉత్తరంలో ఆయన పట్టుకున్నది ఆ నేరాన్ని కాదు, ప్రేక్షకుడు ఎందుకు వణుకుతాడు అన్నదాన్ని. కలల మీద రాసిన పుస్తకంలో, ఈ నాటకం కొంచెం కొంచెంగా నిజం బయటపెట్టే తీరు మనోవిశ్లేషణలో జరిగే పనిలాంటిదని తనే పోల్చాడు. మీరు చెప్పిన విచారణ ఆయన దృష్టి దాటిపోలేదు.

పైగా కల సంగతి నాటకంలోనే ఉంది. 981, 982 పాదాల్లో జొకాస్టానే అంటుంది: తల్లితో పడుకున్నట్టు చాలామంది మగవాళ్లకు కలలు వచ్చాయి, అలాంటివి పట్టించుకోనివాడే సుఖంగా బతుకుతాడు అని.

తాళపత్రం:
ఆ పాదాలు ఉన్నాయి, ఒప్పుకుంటున్నాను. పోలిక సంగతి కూడా నిజమే, దాన్ని నేను చెప్పి ఉండాల్సింది. కానీ ఆమె ఎప్పుడు అంటుందో చూడండి. పాలిబస్ చనిపోయాడన్న కబురు అప్పుడే వచ్చింది. మెరోపీ ఇంకా బతికే ఉంది కదా, తండ్రిని చంపి తల్లిని పెళ్లాడతావన్న జోస్యంలో రెండో సగం మిగిలింది కదా అని ఈడిపస్ భయపడుతున్నాడు. ఆ భయం తీర్చడానికి అంటుంది. అంటే అక్కడ కూడా అమ్మంటే మెరోపీయే.

మన వైపు నుంచి ఒక నిజమైన లంకె ఉంది. గిరీంద్రశేఖర్ బోస్ 1922లో కలకత్తాలో భారతీయ మనోవిశ్లేషణ సంఘం పెట్టి, ఫ్రాయిడ్‌తో ఏళ్ల తరబడి ఉత్తరాలు నడిపాడు. తండ్రి తనను శిక్షిస్తాడన్న కొడుకు భయం గురించి ఫ్రాయిడ్ చెప్పింది, తన దగ్గరికొచ్చిన భారతీయుల్లో అంత బలంగా కనపడలేదని వాదించాడు. నన్నయ ఆదిపర్వంలో యయాతిని తెచ్చుకోండి. అక్కడ కొడుకు తండ్రిని చంపడు, తండ్రే కొడుకు యౌవనం అడిగి తీసుకుంటాడు. పూరుడు ఇచ్చేస్తాడు. లాయస్‌నూ యయాతినీ పక్కపక్కన పెడితే ఒక గంట చర్చ నడుస్తుంది.

గవ్వలమాల:
సైకీ కథకు వస్తాను. గ్రీకులో సైకీ అంటే ప్రాణం, ఆత్మ. సీతాకోకచిలుకకు కూడా అదే మాట. కథ మాత్రం రెండో శతాబ్దంలో అపులేయస్ లాటిన్‌లో రాసిన నవలలో ఉంది. దొంగలు ఎత్తుకొచ్చిన ఒక అమ్మాయి గుహలో ఏడుస్తుంటే, ఊరడించడానికి ఒక ముసలమ్మ చెప్పే కథ ఇది. ఆ చట్రం తీసేసి చెప్పకండి.

దూరమైన భర్త క్యూపిడ్ కోసం వెతుకుతున్న సైకీకి, అతని తల్లి వీనస్ దేవత పెట్టిన పనులు నాలుగు. మొదటిది: గోధుమలు, బార్లీ, చిరుధాన్యం, గసగసాలు, శనగలు, మసూర్లు, చిక్కుడు గింజలు, ఈ ఏడూ కలిపి పోసిన కుప్పను సాయంత్రానికి వేరు చేయాలి. సైకీ కదలకుండా కూర్చుండిపోతే చీమలు వచ్చి చేశాయి. రెండోది బంగారు ఊలు. మధ్యాహ్నపు ఎండలో గొర్రెలు పిచ్చెత్తి ఉంటాయి, వేడి తగ్గేదాకా ఆగి, ముళ్లపొదలకు చిక్కుకున్న ఊలు ఏరుకో అని ఏటి ఒడ్డున రెల్లు చెప్పింది. మూడోది కొండకొమ్ము మీది, పాతాళ నది స్టిక్స్ నీళ్లు. స్ఫటిక పాత్రలో గద్ద ముంచి తెచ్చింది. ఎదురెళ్లి కొట్లాడటం ఎక్కడా లేదు. వేరుచేయడం, ఆగడం, ఉన్నంతలో ఒక్క చెంబెడు పట్టుకోవడం. 1952లో నోయ్‌మాన్ అనే యుంగ్ శిష్యుడు దీన్ని స్త్రీ మనసు ఎదుగుదలగా చదివాడు. స్త్రీకి మాత్రమే అని గిరి గీయడం నాకు నచ్చదు గానీ, పనుల వరసలో ఆయన చూసింది నిజం.

నాలుగోది అసలైనది. పాతాళానికి వెళ్లి అక్కడి రాణి ప్రొసర్పీనా దగ్గర అందం నింపిన పెట్టె తేవాలి. చద్దామని ఒక బురుజు ఎక్కితే ఆ బురుజే నోరు విప్పింది. నోట్లో రెండు నాణేలు, చేతుల్లో తేనె, ద్రాక్షసారాతో కలిపిన రెండు బార్లీ పిండి ముద్దలు. పోయేటప్పుడు పడవవాడికి ఒక నాణెం, పాతాళం కాపలా కుక్కకు ఒక ముద్ద, వచ్చేటప్పుడు ఇంకోటి. దారిలో కుంటి గాడిదను తోలే కుంటివాడు పడిపోయిన కట్టెలు అందివ్వమంటాడు, మాట్లాడకు. నీళ్లలో తేలే ముసలి శవం చేతులు చాచి ఎక్కించుకోమంటుంది, ఎక్కించుకోకు. నేత నేసే ముసలమ్మలు కాస్త చెయ్యి వేయమంటారు, వేయకు. ఎవరికి సాయం చేసినా చేతిలో ముద్ద జారుతుంది, ఒక్కటి జారినా తిరుగు దారి లేదు. జాలిని కూడా లెక్కగా వాడుకోవాలి అనే మాట ఇంత నిక్కచ్చిగా చెప్పిన పాత కథ అరుదు. ఇంట్లో మంచాన పడినవాళ్లకు ఏళ్ల తరబడి సేవ చేసేవాళ్లతో ఈ భాగం చదివించండి, రెండు ముద్దల లెక్క వాళ్లకు వెంటనే తెలుస్తుంది.

చివర్లో పెట్టె తెరవద్దన్నా తెరిచింది, నిద్ర ముంచేసింది, క్యూపిడ్ వచ్చి లేపాడు. నోయ్‌మాన్ ఆ తప్పును కూడా గెలుపు అన్నాడు. మీ వాళ్లు ఒప్పుకుంటారో లేదో చూడండి.

వేపపూత:
పండోరా గురించి ఒక్క ముక్క. గ్రీకుల కథలో మొదటి స్త్రీ ఆమె, ఆమె మూత తీస్తే కీడులన్నీ లోకంలోకి వచ్చాయి. దాన్ని పెట్టె అని రాయకండి. క్రీ.పూ. 700 ప్రాంతపు గ్రీకు కవి హెసియడ్ రాసింది పిథోస్ అని. ధాన్యం, నూనె, ద్రాక్షసారా నిలవ చేసే పెద్ద మట్టిపాత్ర, మన బాన లాంటిది. పదహారో శతాబ్దం మొదట్లో ఎరాస్మస్ అనే పండితుడు లాటిన్‌లో చిన్న డబ్బా అనే మాట వాడటంతో అది పెట్టె అయి కూర్చుంది. తేడా చిన్నది కాదు. పెట్టె అంటే రహస్యం, బాన అంటే ఇంటి గ్రాసం. మూత పెట్టాక అంచు కింద మిగిలిపోయింది ఎల్పిస్. ఆశ అని అంటున్నాం గానీ, రాబోయేదాని గురించిన ఎదురుచూపు అని కూడా దానికి అర్థం, అది మంచైనా చెడైనా. కీడు లోపల ఉన్నంతకాలం మనకు తగల్లేదు, మరి లోపలే ఉండిపోయిన ఎల్పిస్ మనకు దక్కినట్టా, దక్కనట్టా? హెసియడ్ తేల్చలేదు.

సెలయేరు:
ఆరు వారాలు చాలేలా లేవు! మొదటి వారం ఓవిడ్ ఒక్కటే, గవ్వలమాల గారి సంభాషణతో మొదలుపెడతాం. తాళపత్రం గారు మూడు పాఠాలు అన్నారు. మిగతా రెండూ ఏమిటో చెబితే రెండో వారానికి పెట్టుకుంటాం.

పాతపుట:
ఒకటి కోనన్ అనే గ్రీకు రచయితది, ఇంచుమించు ఓవిడ్ కాలమే. అందులో ఎకో లేదు. అమీనియస్ అనే యువకుడు ప్రేమిస్తే, నార్సిసస్ అతనికి కత్తి పంపాడు. అతను నార్సిసస్ గుమ్మం ముందే పొడుచుకుని చచ్చిపోయాడు. తర్వాత నీళ్లలో తన రూపాన్ని ప్రేమించిన నార్సిసస్, తనకు జరగాల్సిందే జరిగిందని తలచి తనను తాను చంపుకున్నాడు. అది పశ్చాత్తాపం కథ, చదవాల్సిన తీరే వేరు.

రెండోది రెండో శతాబ్దపు యాత్రికుడు పౌసానియస్ రాసిన యాత్రాగ్రంథం తొమ్మిదో భాగంలో ఉంది. థెస్పియే ఊరి దగ్గర నార్సిసస్ ఊటను చూపిస్తూ, ప్రేమించే వయసొచ్చినవాడు మనిషికీ నీడకూ తేడా తెలియకుండా ఉంటాడా, ఇది తెలివితక్కువ కథ అని కొట్టిపారేశాడు. పెద్దగా ఎవరికీ తెలియని ఇంకో కథ ఉందంటూ చెప్పాడు. నార్సిసస్‌కు కవల చెల్లెలు ఉండేది. ఇద్దరిదీ ఒకే రూపు, ఒకేలాంటి జుట్టు, ఒకేలాంటి బట్టలు, వేటకు కలిసే వెళ్లేవాళ్లు. ఆమె చనిపోయింది. అప్పటినుంచి ఊట దగ్గరికి వెళ్లేవాడు. కనపడేది తన నీడేనని తెలుసు. తెలిసే, చెల్లెలి ముఖం అనుకుని కాస్త ఊరట పొందేవాడు.